గాలిపటానికి కెమెరా కట్టాలంటే: పికవే దారాలా, లోలకం కడ్డీనా?

నిలువురాయి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాది పాలమూరు వైపు ఒక పల్లె. బడిలో సోషల్ చెప్తాను. మా ఊరి పొలిమేరలో పెద్ద పెద్ద గుండ్లను వలయంగా పాతిన పాతకాలపు సమాధులున్నాయి. ఊళ్లో వాటిని రాక్షస గుళ్లు అంటారు. పక్కన నిలబడి చూస్తే రాళ్ల కుప్పల్లా ఉంటాయి, పైనుంచి చూస్తేనే వలయం తెలుస్తుంది. ఏటా ఒకటో రెండో చదునై పొలంలో కలిసిపోతున్నాయి. మిగిలినవాటినైనా ఉన్నవి ఉన్నట్టు ఫోటో తీసి పెట్టాలని నా ఆరాటం. డ్రోన్ కొనే స్తోమత లేదు. పైగా గాలిపటమైతే పిల్లలు కూడా చెయ్యేస్తారు.

ఆరు మూలల రొక్కాకు గాలిపటం కుట్టించాను. ఎత్తు 1.8 మీటర్లు, వైశాల్యం దాదాపు 2 చదరపు మీటర్లు. గాలిపటం బాగానే ఎగిరింది. ఇబ్బందంతా కెమెరాతోనే. 45 సెంటీమీటర్ల అల్యూమినియం పట్టీకి పైన కొక్కెం పెట్టి దారానికి తగిలించాను, కింద పాత పవర్‌షాట్ కెమెరా బిగించాను. అది ఐదు సెకన్లకొక ఫోటో తీస్తుంది. మొన్న ఆదివారం 212 ఫోటోలు వస్తే పనికొచ్చినవి 19. సగం మసక. మిగతావాటిలో కెమెరా గిర్రున తిరిగి ఎటో చూస్తోంది.

వలయాలు బాగా కనబడాలంటే రాళ్ల నీడలు పొడుగ్గా పడాలి. అంటే సాయంత్రం ఏటవాలు ఎండలోనే తీయాలి. ఈ పట్టీనే బాగుచేసుకోవాలా, లేక పికవే అనే దారాల అమరిక కట్టాలా? రెండూ వాడినవాళ్లు చెప్పండి.

ఉట్టి_కట్టు

మాస్టారూ, పికవే కట్టండి. నేను ఏడేళ్లుగా అదే వాడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. పియర్ పికవే అనే ఫ్రెంచి ఆయన 1912లో కనిపెట్టిన పద్ధతి ఇది. మన ఇళ్లలో ఉట్టి ఎలా వేలాడుతుందో గుర్తు తెచ్చుకోండి. కుండ ఒక్క తాడుకు వేలాడదు, చుట్టూ నాలుగు తాళ్లు పట్టుకుంటాయి. పికవేలో కుండ స్థానంలో ప్లస్ గుర్తులాంటి శిలువ ఉంటుంది, దాని నాలుగు కొనలకు నాలుగు రింగులు. పైన గాలిపటం దారం మీద మీటరు ఎడంగా రెండు కట్టుచోట్లు. వాటిని ఎ, బి అనుకుందాం. ఒకే దారం ఎ నుంచి మొదటి కొనకు, అక్కడి నుంచి బికి, బి నుంచి రెండో కొనకు, మళ్లీ ఎకి, మూడో కొనకు, బికి, నాలుగో కొనకు, చివరికి ఎకి చేరుతుంది. ప్రతి కొన నుంచీ ఎకి ఒక పోగు, బికి ఒక పోగు, మొత్తం ఎనిమిది పోగులు. దారం రింగుల్లో జారుతుంది కాబట్టి గాలిపటం పైకి లేచి దారం నిటారైనా, కిందికి దిగి వాలిపోయినా కెమెరా నేలకు మట్టంగానే ఉంటుంది.

నా కొలతలు: శిలువ కొన నుంచి కొనకు 30 సెంటీమీటర్లు, ఎ బి మధ్య మీటరు, కిందికి అర మీటరు. దీనికి ఆరు మీటర్ల దారం సరిపోతుంది. కొక్కానికి వేలాడే పట్టీ కొక్కెం చుట్టూ తిరుగుతుంది, దాన్ని ఆపేదేమీ లేదు. మీ ఫోటోలు పోయింది అందుకే.

లోలకం

ఉట్టి_కట్టు గారి మాటలో సగం సరైనది, సగం కాదు.

మెకానికల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి లెక్కతోనే మాట్లాడతాను. దారం కోణం మారినా కెమెరా మట్టంగా ఉండటం పికవే గొప్పతనం కాదు. పై కీలు ఆడేలా ఉంటే మామూలు కడ్డీ కూడా నిలువుగానే వేలాడుతుంది. మేస్త్రీ గుండు దారాన్ని ఏ వాలు కర్రకు కట్టినా గుండు తిన్నగా కిందికే చూస్తుంది కదా. ఆ పని భూమ్యాకర్షణ చేస్తోంది, ఎనిమిది పోగులు చేయట్లేదు.

ఇక మసక సంగతి. మీ పట్టీ 45 సెంటీమీటర్లు కాబట్టి ఒక ఊపు పూర్తికి దాదాపు 1.35 సెకన్లు. అటు 10 డిగ్రీలు, ఇటు 10 డిగ్రీలు ఊగుతోందనుకుందాం. మధ్యలోకి వచ్చేసరికి కెమెరా సెకనుకు సుమారు 47 డిగ్రీల వేగంతో తిరుగుతుంటుంది. 60 మీటర్ల ఎత్తులో ఉంటే కెమెరా చూపు నేలమీద సెకనుకు 49 మీటర్లు పరుగెడుతుంది. షట్టర్ 1/250 సెకను తెరుచుకుంటే ఫోటోలో 20 సెంటీమీటర్ల మేర చెరిగిపోతుంది. 28 మిల్లీమీటర్ల లెన్సుకు సమానమైన కెమెరా ఆ ఎత్తు నుంచి 77 మీటర్ల వెడల్పును చూస్తుంది. అడ్డంగా 4,000 పిక్సెళ్లుంటే ఒక్కో పిక్సెల్‌కు 2 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అంటే పది పిక్సెళ్ల మసక. అదే షట్టర్‌ను 1/2000కు మారిస్తే మసక ఒక్క పిక్సెల్ పైచిలుకు.

కాబట్టి మాస్టారూ, మొదట షట్టర్ మార్చండి. పాత పవర్‌షాట్లకు సీహెచ్‌డీకే అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. కార్డులో వేసుకుంటే షట్టరూ, ఎన్ని సెకన్లకు ఫోటో తీయాలన్నదీ మన చేతికొస్తాయి. దారాలు ఆ తర్వాత చూసుకోవచ్చు.

నిలువురాయి

లోలకం గారూ, ఈ లెక్క నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పదో తరగతి పిల్లలకు చెప్పాలి కూడా. కెమెరా ఆటోలో ఉంది, ఫోటో వివరాల్లో చూస్తే చాలావరకు 1/250, 1/200 ఉన్నాయి. కానీ సాయంత్రం వెలుతురు తక్కువ కదా, 1/2000 దొరుకుతుందా?

లోలకం

సూర్యుడు పది డిగ్రీల పైన ఉండి ఆకాశం తేటగా ఉంటే ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే శక్తి) 400 పెట్టండి, 1/2000 దొరుకుతుంది. మబ్బు పడితే దొరకదు. మబ్బు పడితే మీకు కావాల్సిన నీడలూ ఉండవు కాబట్టి ఆ రోజు పని మానేయడమే.

ధూల్‌పేట్_పతంగి

అన్నా, మా ఇంట్లో మూడు తరాలుగా పతంగులే కడుతున్నం. ఇద్దరూ కెమెరా దగ్గరే ఆగిపోయిండ్రు. ఊగేది ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. పతంగి తల కొట్టుకుంటుంటే దారం కొట్టుకుంటది, దారం కొట్టుకుంటే కింద ఏది కట్టినా కొట్టుకుంటది.

మాస్టారూ, కెమెరా పతంగికి ఎంత కింద కట్టిండ్రు?

నిలువురాయి

ఐదారు మీటర్ల కింద.

ధూల్‌పేట్_పతంగి

అదే తప్పు. ముందు ఖాళీ పతంగిని వదలండి. ఇండ్లూ చెట్లూ దాటి పైకి పోయినంక గాలి ఒకే తీరుగ ఉంటది. పది నిమిషాలు దారం లాగుడు చేత్తో చూడండి. సక్కగా నిలబడితేనే, పతంగికి 25, 30 మీటర్ల కింద కెమెరా కట్టి మిగిలిన దారం వదలండి. అప్పుడు పతంగి ఊపు కెమెరా దాకా వచ్చేసరికి చాలామటుకు సచ్చిపోతది.

ఇంకోటి, కన్నాలు, అంటే పెద్ద దారం తగిలించేందుకు పతంగికి ముడేసే దారాలు. మీ వైపు సూత్రం అంటరేమో. పై ముడి కొంచెం ముందుకు జరిపితే పతంగి గాలిలో పడుకుంటది, లాగుడు తగ్గుతది, నెమ్మదిస్తది. గాలి ఎక్కువున్న రోజు ఒక్క వేలు జరిపినా తేడా తెలుస్తది.

దారం గురించి కూడా చెప్పాలె. మాంజాతో ఈ పని అస్సలు చేయొద్దు. గాజు పూసిన దారం మీ రింగులనే కోస్తది, పిల్లల చేతులనూ కోస్తది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాన్, సింథటిక్ మాంజాను దేశమంతా బంద్ పెట్టింది. కొందరు డాక్రాన్ దారం వాడమంటరు, అది కూడా సింథటికే. నేనైతే గాజు లేని లావు నూలు తాడు వాడమంట. బరువుంటది, గాలిపటం కొంచెం తక్కువ ఎత్తు పోతది, పర్లేదు.

లోలకం

తాడు బలం గురించి ఒక్క మాట. గాలి గంటకు 20 కిలోమీటర్లుంటే 2 చదరపు మీటర్ల గాలిపటం సుమారు 4 కిలోల బలంతో లాగుతుంది. 30 కిలోమీటర్లయితే 6 కాదు, 8 కిలోలు దాటుతుంది, ఎందుకంటే లాగుడు వేగం వర్గంతో పెరుగుతుంది. అందుకని కనీసం మూడింతలు తట్టుకోవాలి. 25 కిలోల బియ్యం బస్తాను ఆ తాడుకు వేలాడదీసి ఒక రాత్రి ఉంచండి. తెగకపోతే వాడండి. ముడి వేసిన చోట తాడు బలహీనపడుతుంది కాబట్టి కెమెరాను ముడితో కట్టకండి. గాట్లు పెట్టిన చిన్న చెక్కముక్కకు తాడును ఐదారు చుట్లు చుట్టి, కెమెరాను ఆ చెక్కకు తగిలించండి.

బే_ఏరియా_గాలి

కాలిఫోర్నియా నుంచి రాస్తున్నాను. మా స్వస్థలం తెనాలి. ఇక్కడ ఈ పనికి పాత చరిత్రే ఉంది. 1906 ఏప్రిల్ 18న భూకంపం వచ్చి శాన్‌ఫ్రాన్సిస్కో కాలిపోయిన కొన్ని వారాలకు జార్జ్ లారెన్స్ అనే ఫోటోగ్రాఫర్ 17 గాలిపటాలను ఒకే తీగకు వరుసగా కట్టి, 20 కిలోలు దాటిన పెద్ద పనోరమా కెమెరాను సుమారు 600 మీటర్ల ఎత్తుకు లేపి నగరం మొత్తాన్ని ఒకే చిత్రంలో తీశారు. కెమెరా ఊగకుండా పక్కలకు పొడుగు కర్రలు చాచి, వాటి కొనల నుంచి దారాలు దించి, కింద బరువు కట్టారు. అంతకు ముందు 1888లో ఫ్రాన్స్‌లోని లాబ్రుగియేర్‌లో ఆర్థర్ బాతూ కెమెరాను నేరుగా గాలిపటం వెన్నుకర్రకే బిగించారు. గాలిపటం ఎలా ఊగితే కెమెరా అలా ఊగేది. బాతూ తర్వాత లారెన్స్, ఆ తర్వాత పికవే, అందరూ కెమెరాను గాలిపటం నుంచి ఎలా విడదీయాలా అనే ఆలోచించారు.

మా దగ్గర ఉప్పు మడులను గాలిపటంతో ఏళ్ల తరబడి ఫోటోలు తీసిన క్రిస్ బెంటన్, బర్క్‌లీలో ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్‌గా పనిచేసినాయన, వాడింది పికవేనే. ఆ చిత్రాలు చూసే నేనూ మొదలుపెట్టాను.

ఇప్పుడు నా అనుభవం. మొదట పికవే కొనల్లో బాల్ బేరింగ్ ఉన్న చిన్న కప్పీలు పెట్టాను, దారం వెన్నలా జారాలని. తీరా చూస్తే కెమెరా ఒక్క క్షణం నిలబడలేదు. కప్పీలు తీసేసి మామూలు స్టీలు కన్నపు స్క్రూలు పెడితే నిలబడింది. దారం కొంచెం రుద్దుకుంటూ జారాలి, ఆ రాపిడే ఊపును తినేస్తుంది. లోలకం గారి కడ్డీలో ఆ రాపిడి ఎక్కడుంది?

లోలకం

మంచి ప్రశ్న. కడ్డీలో రాపిడి పై కీలులో పెట్టొచ్చు. బోల్టు కింద తోలు వాషర్ వేసి కొంచెం బిగిస్తే సరి. కానీ అతిగా బిగిస్తే కడ్డీ నిలువుకు రాకుండా వంకరగా ఆగిపోతుంది. పికవేకూ అదే సమస్య. రాపిడి ఎక్కువైతే శిలువ మట్టానికి రాదు, తక్కువైతే ఊగుతూనే ఉంటుంది. ఏ ఇబ్బందీ లేని జవాబు రెండు పద్ధతుల్లోనూ లేదు.

ఉట్టి_కట్టు

గురువుగారూ, మీరు మట్టం గురించే మాట్లాడుతున్నారు. మాస్టారి ఫోటోల్లో సగం పోయింది దిక్కు తప్పి. ఎనిమిది పోగులు రెండు చోట్ల నుంచి దిగినప్పుడు శిలువ తిరగాలంటే మొత్తం బరువు కొంచెం పైకి లేవాలి. బరువు లేవడానికి ఇష్టపడదు కాబట్టి శిలువ వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. ఎ బి మధ్య ఎంత ఎడముంటే, శిలువ ఎంత వెడల్పుగా ఉంటే అంత గట్టిగా దిక్కు పట్టుకుంటుంది. రెండు తాళ్ల ఊయల పలకను మెలి తిప్పి వదిలితే దానంతటదే సరవుతుంది. ఒంటి తాడుకు కట్టిన టైరు అలా సరవుతుందా?

లోలకం

దిక్కు విషయంలో ఒప్పుకుంటాను. ఒంటి కొక్కెం తప్పే. అందుకు పికవే ఒక్కటే మందు అనడాన్ని మాత్రం ఒప్పుకోను. కడ్డీ పైన టీ అక్షరంలా 40 సెంటీమీటర్ల అడ్డకర్ర పెట్టి, దాన్ని గాలిపటం దారానికి రెండు చోట్ల కట్టండి. కీలు అడ్డకర్ర కింద ఒకే వైపు ఆడేలా ఉండాలి. దారం ఎటు చూస్తే కెమెరా అటే చూస్తుంది, తిరగదు. చిక్కుపడే దారాలు లేవు. పొలంలో ఎండలో నిలబడి ఎనిమిది పోగుల చిక్కు తీసిన రోజు మీకే తెలుస్తుంది.

ఉట్టి_కట్టు

చిక్కుపడదు, కట్టే పద్ధతి తెలిస్తే. పని అయ్యాక ఎ, బి కొక్కేలను దగ్గరికి చేర్చి, పోగులన్నిటినీ కలిపి శిలువ కర్రల మీద ఎనిమిది అంకెలా చుట్టి రబ్బరు బ్యాండ్ వేస్తాను. చిక్కుల వల్ల చాలామంది పికవేను వదిలేశారు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది. పది నిమిషాలు నేర్చుకుంటే జీవితాంతం పనికొచ్చే పద్ధతి అది. పైగా గాలిపటం దారంలో ఎప్పుడూ ఒక సన్నని వణుకు ఉంటుంది, చెవి ఆనిస్తే వినబడుతుంది. గట్టి కడ్డీ ఆ వణుకును నేరుగా కెమెరాకు మోసుకెళ్తుంది. పోగులు అలా మోయవు.

సరళం

ఇంత పని అవసరమా అనిపిస్తోంది. 2010లో అమెరికా గల్ఫ్ తీరంలో చమురు ఒలికినప్పుడు అక్కడి మామూలు జనం బెలూన్లకూ గాలిపటాలకూ కెమెరాలు కట్టి తీరం మ్యాపులు తయారు చేశారు. వాళ్ల కెమెరా తొడుగు రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా. అడుగు కోసి కెమెరాను లోపల కూర్చోబెట్టి, రబ్బరు బ్యాండ్లతో పట్టించి, మూతి దగ్గర దారం కట్టి వేలాడదీస్తే అయిపోయింది. కింద పడినా సీసాయే దెబ్బ తింటుంది. వందల ఫోటోలు తీసి మంచివి ఏరుకున్నారు. ఇప్పుడైతే ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వంకరగా వచ్చినవాటిని కూడా కలిపి తిన్నని చిత్రం చేసిపెడుతుంది. వంకర ఫోటోలు కొన్ని ఉంటేనే దానికి ఎత్తుపల్లాలు బాగా తెలుస్తాయి.

నిలువురాయి

సీసా ఆలోచన పిల్లలకు బాగా నచ్చింది, ఒకటి చేసి పెట్టుకున్నాం. కానీ మా ఊళ్లో గాలి ఎప్పుడూ దొరకదు. పొద్దున్నే నీడలు బాగుంటాయి కానీ ఆకు కదలదు. ఆషాఢంలో గాలి దండిగా ఉంటుంది, అప్పుడు మబ్బు. సంక్రాంతి ముందు వెనకల సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదుంబావు దాకా రెండూ కలిసొస్తాయి. అంటే రోజుకు 45 నిమిషాలు. 212 తీసి 19 ఏరుకునే తీరిక నాకు లేదు. అందుకే ఎలా వేలాడదీయాలన్నది ఇంతగా అడుగుతున్నాను.

రెండూ కడతాను. ఒకే రోజు, అదే గాలిపటం, అదే కెమెరా, షట్టర్ 1/2000. వచ్చి చెప్తాను.

బే_ఏరియా_గాలి

మంచి పని. వెళ్లేముందు చుట్టూ కరెంటు తీగలు చూసుకోండి, దారం తడిగా ఉంటే అసలు ఎగరేయకండి. చేతికి తోలు గ్లోవ్స్ తప్పనిసరి. 2024 చివరిదాకా అమల్లో ఉన్న మన 1934 విమాన చట్టం గాలిపటాన్ని కూడా విమానాల జాబితాలోనే చేర్చింది. విమానాశ్రయం దగ్గర్లో ఉన్నవాళ్లు ఈ పని పెట్టుకోవద్దు. మీ చుట్టుపక్కల లేదు కాబట్టి పర్వాలేదు, అయినా పోలీసు స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి వెళ్లండి.

నిలువురాయి (రెండు వారాల తర్వాత)

నిన్న చేశాం. ధూల్‌పేట్ అన్న చెప్పినట్టు నూలు తాడు, కెమెరా 30 మీటర్ల కింద. మొదట టీ కడ్డీ, ఇరవై నిమిషాలు. తర్వాత పికవే, మరో ఇరవై నిమిషాలు. గాలి మొదటి సగంలో కొంచెం ఎక్కువగా ఉంది, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

టీ కడ్డీతో 230 ఫోటోలు, బాగున్నవి 128. పికవేతో 221, బాగున్నవి 163. రెండింటిలోనూ మసక దాదాపు లేదు, ఆ పుణ్యం షట్టర్‌ది. దిక్కు రెండింటిలోనూ నిలిచింది. తేడా వంకరలోనే కనబడింది. కడ్డీ ఫోటోల్లో కొన్ని 15 డిగ్రీల దాకా పక్కకు వాలాయి, ఒక ఊపు మొదలైతే చాలాసేపు ఆగలేదు. పికవే రెండు మూడు ఊపుల్లో సర్దుకుంది.

పికవేతో ఒక ఇబ్బంది వచ్చింది. పైకి పంపేటప్పుడు గాలి తోపుకు శిలువ ఒకసారి పోగుల మధ్య బొర్లింది. కిందికి దించి సరిచేయడానికి ఎనిమిది నిమిషాలు పోయాయి.

ఉట్టి_కట్టు

మధ్యలో రింగు వేశారా? శిలువకు పైన, నడిమధ్యలో ఒకదాన్నొకటి దాటుకుని వెళ్లే రెండు పోగులుంటాయి. వాటిని కలిపి ఒక చిన్న రింగులో దూర్చాలి. పోగులు అందులో జారుతూనే ఉండాలి, విడిపోకూడదు. ఆ రింగు ఉంటే శిలువ బొర్లదు. మొదట్లోనే చెప్పాల్సింది, మరిచిపోయాను, క్షమించండి. కర్టెన్లకు వాడే చిన్న స్టీలు రింగు సరిపోతుంది.

లోలకం

మాస్టారూ, లెక్క ఇంత శుభ్రంగా రాసినందుకు ధన్యవాదాలు. గాలి తేడా తీసేసినా పికవేదే పైచేయి అని ఒప్పుకుంటున్నాను. ఊపు త్వరగా ఆగడానికి కారణం పోగుల రాపిడే అని నా నమ్మకం. నా కీలుకు వాషర్ లేకుండా కట్టారు కదా?

నిలువురాయి

అవును, తోలు వాషర్ వేయలేదు. మామూలు ఇనుప బోల్టే.

ఇంకొకటి చెప్పాలి. పికవే ఫోటోల్లో మూడో వలయం చుట్టూ ఇంకో వలయం ఉంది. పదేళ్లుగా ఆ గట్టు మీదే నడుస్తున్నాను, ఎప్పుడూ కనబడలేదు. రాళ్లు జానెడు కూడా పైకి లేవు, నీడ పడితేనే తెలుస్తోంది. ఆ రాళ్ల లైను మీదుగానే ట్రాక్టర్ జాడ పోతోంది. సర్పంచ్‌కు, తహసీల్దార్‌కు చూపించడానికి ప్రింట్లు తీయిస్తున్నాను.

ధూల్‌పేట్_పతంగి

మాస్టారూ, ఆ ఫోటో ఇక్కడ కూడా పెట్టండి. వచ్చే ఆదివారం నేను వస్త. పతంగి ఇంకొకటి తెస్త, గాలి తక్కువున్నప్పుడు లేచేటిది, పెద్ద డెల్టా, అంటే మూడు మూలలది.

లోలకం

నేనూ వస్తాను. వాషర్ వేసిన కడ్డీ తెస్తాను. ఈసారి పది నిమిషాలకొకసారి మార్చి మార్చి కడదాం, అప్పుడు గాలి తేడా రెండింటికీ సమానంగా పడుతుంది.

నిలువురాయి

రండి, మూడింటికల్లా చేరితే బాగుంటుంది. పిల్లలు రెండో శిలువ చేస్తున్నారు, రింగు కూడా తెచ్చాం. భోజనం మా ఇంట్లోనే.